రెక్కల లెక్క

కొత్తగా బోటు కొన్న మన కుర్రాళ్లు ఇంజిన్ గురించి గంటసేపు చెబుతారు. ఎన్ని హార్స్‌పవర్లు, ఎన్ని సిలిండర్లు, నెలకు కంతు ఎంత, అన్నీ. "ప్రాప్ ఏది వేశావోయ్?" అని అడిగితే మాత్రం "దాంతోపాటే వచ్చింది అంకుల్" అంటారు. పాతిక ముప్పై వేల డాలర్ల ఇంజిన్ పుట్టించే బలమంతా ఆఖరికి నీటికి అప్పజెప్పేది అరచేతులంత రెక్కలున్న ఆ స్టీలు ముక్కే, ఆ ప్రొపెల్లరే. దాని సంగతి ఎవరికీ పట్టదు.

నాది కాకినాడ. ఉద్యోగం చేసినన్నాళ్లూ స్టీలు పోతపోసే ఫౌండ్రీల్లోనే చేశాను, అందులో ఎక్కువ భాగం టెక్సాస్‌లో. డల్లాస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, రే హబ్బర్డ్ సరస్సుల్లోనూ, ఉత్తరాన ఓక్లహోమా సరిహద్దులో ఉన్న టెక్సోమాలోనూ ఔట్‌బోర్డ్ బోట్లు నడపడం నా వ్యసనం. రిటైరయ్యాక అది వృత్తిలా తయారైంది. నాకు తెలిసింది కింద రాస్తున్నాను. ఇదంతా గంటకు 60, 70 మైళ్లు, ఆపైన పరిగెత్తే బోట్ల సంగతి. పాంటూన్ మీద పిల్లల్ని తిప్పేవాళ్లకు రెండో పాఠం, పదకొండో పాఠం చాలు.

1. చెక్కిన అంకెను నమ్మకండి

హబ్ మీద 14½ × 24 అని చెక్కి ఉంటుంది. మొదటిది రెక్కల కొసలు గీసే వృత్తానికి వ్యాసం. రెండోది పిచ్. నట్టులో బోల్టు దిగినట్టు ప్రాప్ నీళ్లలో జారకుండా దిగితే ఒక్క చుట్టుకి 24 అంగుళాలు ముందుకెళ్లాలని దాని అర్థం. నీళ్లు నట్టులా గట్టిగా నిలబడవు కాబట్టి అంత వెళ్లదు. ఆ తేడా సంగతి మూడో పాఠంలో చెబుతాను.

ఔట్‌బోర్డుల్లో వ్యాసం మన చేతిలో పెద్దగా ఉండదు. గేరుపెట్టె మీది పలక అడ్డం వస్తుంది, ఆ ఇంజిన్‌కి ఎంత కావాలో కంపెనీ ముందే తేల్చేసి ఉంటుంది. మనం ఎంచుకునేది పిచ్. చిక్కల్లా ఏమిటంటే, ఇప్పటి ప్రాప్‌లలో చాలావాటికి రెక్క అంతటా ఒకే పిచ్ ఉండదు. నీటిని కోసే ముందంచు దగ్గర తక్కువగా మొదలై వెనకంచుకి వచ్చేసరికి పెరుగుతుంది. చెక్కిన అంకె వాటి సగటు. ఆ సగటు ఎలా తీయాలో ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతి. అందుకే ఒక కంపెనీ 24, ఇంకో కంపెనీ 24 ఒకే బోటుకి వేసి చూస్తే రెండు మూడు వందల ఆర్‌పీఎం తేడా రావచ్చు.

పోత పని తెలిసినవాడిగా ఇంకో మాట. స్టెయిన్‌లెస్ ప్రాప్‌లను మైనపు నమూనాతో పోస్తారు. నమూనా చుట్టూ సెరామిక్ పెంకు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన స్టీలు పోస్తారు. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుంటుంది, ఆ తరవాత మనుషులు గ్రైండింగు చేస్తారు. కాబట్టి ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు ప్రాప్‌లు కూడా అచ్చుగుద్దినట్టు ఉండవు. రెక్కలన్నీ కొలిచి, ఒకదానితో ఒకటి సరిపోయేలా చేత్తో మళ్లీ సానబట్టిన రకాలు వేరే అమ్ముతారు. ఖరీదెక్కువ. 70 మైళ్ల బోటుకి అవసరం లేదు. 90 దాటాలనుకుంటే ఆలోచించండి.

2. ముందు ఇంజిన్‌ని అడగండి

ప్రతి ఇంజిన్‌కీ థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు ఎన్ని ఆర్‌పీఎంల మధ్య తిరగాలో మాన్యువల్లో రాసి ఉంటుంది. మాటవరసకి 5,600 నుంచి 6,200 అనుకుందాం. మామూలుగా మీరు వేసుకెళ్లే బరువుతో, బోటు సరిగ్గా ట్రిమ్ అయి (అంటే ఇంజిన్ వంపు సరిగ్గా కుదిరి) ఉన్నప్పుడు ఆ రేంజిలో పై అంచు దగ్గరికి చేర్చే ప్రాప్ ఏదో అదే మీ ప్రాప్. వేగం గురించి బెంగ ఆ తరవాత.

పిచ్ మరీ ఎక్కువైతే ఇంజిన్ 5,200 దగ్గరే ఆగిపోతుంది, పైకి పోదు. టాప్ గేరులో ఘాట్ రోడ్డెక్కించినట్టు అన్నమాట. సిలిండర్లు వేడెక్కుతాయి, మసి పట్టేస్తుంది, పిస్టన్ల ఆయుష్షు తగ్గుతుంది. తక్కువైతే బోటు కుందేలులా లేస్తుంది గానీ ఇంజిన్ రెవ్ లిమిటర్‌కి తలబాదుకుంటుంది. ఈ రెండింట్లో మొదటిదే ఎక్కువ ప్రమాదం. బయటికి ఏ చప్పుడూ చెయ్యదు, అందుకని యజమానికి ఏళ్ల తరబడి తెలియదు.

ఒక అంగుళం పిచ్ మారిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం మారుతుంది. పిచ్ తగ్గితే ఆర్‌పీఎం పెరుగుతుంది. ఈ ఒక్క సూత్రంతో సగం సందేహాలు తీరిపోతాయి.

బరువు దగ్గర మనవాళ్లు తమను తాము మోసం చేసుకుంటారు. మంగళవారం సాయంత్రం ఒక్కడే వెళ్లి, ట్యాంకు పావు వంతు ఉంచి ట్రయల్ వేస్తాడు. ఆదివారం ఎనిమిది మంది, రెండు ఐస్ పెట్టెలు, బిర్యానీ ట్రేలు, ఫుల్ ట్యాంకు. పెట్రోలు గ్యాలనుకు సుమారు 6 పౌండ్లు. 60 గ్యాలన్లంటే 360 పౌండ్లు, ఇద్దరు మనుషుల బరువు. మంగళవారం కొన్న ప్రాప్ ఆదివారానికి పనికిరాదు. బోటు ఎక్కువగా ఎలా వాడతారో అలాగే నింపి ట్రయల్ వెయ్యండి. అన్నట్టు, ఎంతమంది ఎక్కొచ్చో స్టీరింగ్ దగ్గర పలక మీద రాసి ఉంటుంది. అది బతిమాలితే పెరిగే అంకె కాదు.

3. జారుడు లెక్క నోటికి రావాలి

ఇది వచ్చినవాడిని ఏ దుకాణదారూ బోల్తా కొట్టించలేడు. ఆర్‌పీఎంని పిచ్‌తో గుణించండి. గేర్ రేషియోని (ప్రాప్ ఒక్క చుట్టుకి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకె) 1056తో గుణించి, దాంతో భాగించండి. వచ్చింది గంటకు మైళ్లలో, ప్రాప్ అసలు జారకపోతే రావాల్సిన వేగం.

ఉదాహరణకి ఇంజిన్ 6,000, పిచ్ 24, గేర్ రేషియో 1.75. పైన 1,44,000. కింద 1,848. భాగిస్తే దాదాపు 78 మైళ్లు. జీపీఎస్ 70 చూపించిందనుకోండి. 8 మైళ్లు నీళ్లలో కలిశాయి. అంటే సుమారు 10 శాతం జారుడు. దీన్నే ఇక్కడ స్లిప్ అంటారు. తేలికైన, చురుకైన వీ అడుగు బోటుకి 8 నుంచి 12 శాతం మంచి మార్కులే. బరువైన క్రూయిజర్లలో 15, 20 దాకా పోతుంది. టాప్ స్పీడులో మీ బోటుకి 18 వస్తే ఏదో సరిగ్గా లేదు. ఇంజిన్ మరీ ఎత్తుగా ఉందా, ట్రిమ్ ఎక్కువైందా, రెక్క వంగిందా, లేక ఆ ప్రాప్ ఆకారమే ఆ బోటుకి పడదా, ఒక్కొక్కటే వెతకాలి.

ఒకసారి ఫ్రిస్కో నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి "అంకుల్, నా బోటుకి స్లిప్ రెండు శాతమే" అన్నాడు, గొప్పగా. గేర్ రేషియో ఎంత వేశావు నాన్నా అంటే నెట్‌లో చూసి 1.85 వేశానన్నాడు. అతని ఇంజిన్‌ది 1.75. మళ్లీ వేయిస్తే ఏడు దాటింది. స్లిప్ సున్నాకో, మైనస్‌కో పోయిందంటే అద్భుతం జరిగిందని సంబరపడకండి. అంకెల్లో ఏదో తప్పుంది. చాలాసార్లు ఆ తప్పు చెక్కిన పిచ్‌లోనే ఉంటుంది.

ఇంకొకటి, ఇది చాలామందికి మింగుడుపడదు. కొంత జారుడు ఉండి తీరాలి. రెక్క నీటిని ఒక చిన్న కోణంలో ఢీకొంటేనే తోపు పుడుతుంది. ఆ కోణం వల్ల వచ్చేదే జారుడు. బొత్తిగా జారకపోతే తొయ్యడమూ ఉండదు. అందుచేత స్లిప్‌ని సున్నా చెయ్యాలని పంతం పట్టకండి. ఒకే బోటుకి రెండు ప్రాప్‌లను పోల్చడానికి వాడండి. అంతకు మించిన గౌరవం దానికి అక్కర్లేదు.

4. అల్యూమినియమా, స్టెయిన్‌లెస్సా

50 మైళ్ల లోపు అల్యూమినియం చాలు. ఆపైన స్టెయిన్‌లెస్సే. స్టీలు గట్టిది కాబట్టి రెక్క పలచగా పొయ్యొచ్చు, బలం మీద వంగదు. అల్యూమినియం రెక్క వేగం పెరిగేకొద్దీ వంగి పిచ్ కోల్పోతుంది.

అయితే లేక్ ఫోర్క్ లాంటి చోట, నీళ్లలో మునిగిన చెట్లు నిలబడే ఉన్న సరస్సుల్లో, మొద్దుకి తగిలినప్పుడు అల్యూమినియం తాను విరిగి గేరుపెట్టెని కాపాడుతుంది. స్టీలు విరగదు, దెబ్బని లోపలికి పంపిస్తుంది. మధ్యలో ఉండే రబ్బరు లేదా ప్లాస్టిక్ హబ్ కొంత కాస్తుంది, అంతా కాయదు. కొత్త సరస్సుకి వెళ్తే స్థానికుల వెనకే వెళ్లండి.

5. మూడు రెక్కలా, నాలుగా

పుస్తకం ప్రకారం రెక్కలు తగ్గేకొద్దీ సామర్థ్యం పెరుగుతుంది. ఒక్క రెక్క ప్రాప్ అన్నిటికన్నా మేలు, ఆ వణుకు భరించగలిగితే. భరించలేం కాబట్టి చాలాకాలం మూడుతో సరిపెట్టుకున్నారు.

నాలుగో రెక్క వచ్చాక లెక్క మారింది. ఇంజిన్ను ఎత్తి పెట్టి నడిపే బోట్లలో ఏ క్షణమైనా కొన్ని రెక్కలు నీటి పైపొరలో, గాలి కలిసిన నురుగులో ఉంటాయి. నాలుగుంటే నీళ్లని పట్టుకునేవి ఎప్పుడూ సరిపడా ఉంటాయి. బోటు త్వరగా లేస్తుంది, తక్కువ వేగంలో కూడా నీటి మీద తేలుతూ నిలుస్తుంది, మలుపులో పట్టు వదలదు, వెనకభాగాన్ని కాస్త ఎత్తుతుంది. పోయేది టాప్ స్పీడులో ఒకటి రెండు మైళ్లు. కొన్ని బోట్లలో అదీ పోదు.

నా మొగ్గు నాలుగు వైపే. కుటుంబంతో వెళ్లేవాళ్లకి, స్కీయింగ్ చేసేవాళ్లకి మరీనూ. మెర్క్యురీ వాళ్ల బ్రావో వన్ అన్నిచోట్లా కనిపించడానికి కారణం ఇదే. పెద్ద రెక్కలు, నాలుగు, బరువైన బోటునీ మొయ్యగలదు. తేలికపాటి బాస్ బోటులో ఒక్కడే నిలబడి చేపలు పట్టేవాడికి మూడు రెక్కలది చక్కగా సరిపోతుంది. అలాంటి బోటుకి బ్రావో వేసి "స్పీడు తగ్గింది" అని ఏడిస్తే తప్పు ప్రాప్‌ది కాదు.

మూడు నుంచి నాలుగుకి మారేటప్పుడు మామూలుగా పిచ్ ఒక అంగుళం తగ్గించి మొదలుపెట్టాలి. ఎక్కువ రెక్కలు ఎక్కువ నీటిని పట్టుకుంటాయి కదా.

6. బోటు అడుగు చూసి రెక్క వాలు చూడండి

ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే, కాబట్టి నిదానంగా చదవండి.

రెక్క హబ్ మీంచి నిట్టనిలువుగా లేవకుండా కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. దాన్ని రేక్ అంటారు. వాలు ఎక్కువుంటే బోటు ముక్కు లేస్తుంది. లోతైన వీ అడుగు బోటుకి ముక్కు లేవాలి, తడిసే భాగం తగ్గాలి, అప్పుడే వేగం. దానికి వాలు ఎక్కువున్న ప్రాప్ మంచిది. రెండు పక్కల పొడవాటి పడవల మధ్య సొరంగంలా ఉండే కటమరాన్‌కి అది పనికిరాదు. ఆ సొరంగంలోకి దూరిన గాలే దాన్ని ఎత్తుతుంది. దాని పైన మీరు ప్రాప్‌తో కూడా ముక్కు లేపితే, ఎదురుగాలిలో బోటు వెనక్కి తిరగబడుతుంది. రేసుల్లో బోట్లు గాల్లోకి లేచి పల్టీ కొట్టడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. కటమరాన్‌కి వెనకభాగాన్ని ఎత్తే ప్రాప్ వెయ్యాలి. స్నేహితుడి వీ బోటుకి బ్రహ్మాండంగా పనిచేసిందని అదే ప్రాప్ తెచ్చి మీ కటమరాన్‌కి బిగించకండి.

వీ బోటులోనూ అతి పనికిరాదు. ముక్కు మరీ లేస్తే బోటు అడుగున ఉన్న సన్నని పలక మీదే నిలబడి, ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగడం మొదలెడుతుంది. ఊపు ఊపుకీ పెరుగుతుంది. చైన్ వాక్ అని పేరు. స్టీరింగ్‌తో దాన్ని పట్టుకోవడం అభ్యాసం మీద వస్తుంది. రానివాళ్లు థ్రాటిల్‌ని ఒక్కసారిగా వదిలెయ్యకుండా నెమ్మదిగా తగ్గించి, ట్రిమ్ దించాలి. వేరే ప్రాప్ వేస్తే సగం ఊపు తగ్గడం నేను చాలా బోట్లలో చూశాను.

వెనకంచున కొద్దిగా లోపలికి మడిచినట్టు ఉండే పెదవిని కప్ అంటారు. చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. అర అంగుళం నుంచి అంగుళం దాకా పిచ్ పెంచినంత పని చేస్తుంది, గాలి కలిసిన నీటిలో పట్టు ఇస్తుంది. మంచి ప్రాప్ షాపువాడు దీన్ని సుత్తితో కొట్టి పెంచగలడు, తగ్గించగలడు. కొత్త ప్రాప్ కొనే బదులు ఉన్నదానికే కప్ చేయించి సమస్య తీర్చుకున్నవాళ్లు చాలామంది.

7. గాలి పీల్చడం వేరు, నీరు మరగడం వేరు

ఇంజిన్ ఉన్నట్టుండి హోరుమని, బోటు ముందుకెళ్లకపోతే అందరూ "క్యావిటేషన్" అంటారు. చాలాసార్లు అది కాదు. మలుపులోనో, ఇంజిన్ మరీ ఎత్తినప్పుడో ప్రాప్ పైనుంచి గాలిని, లేదా ఎగ్జాస్టుని లాక్కుంటుంది. అది వెంటిలేషన్. ట్రిమ్ దించినా, ఇంజిన్ అర అంగుళం కిందికి తెచ్చినా, కప్ పెంచినా తగ్గిపోతుంది.

క్యావిటేషన్ అంటే రెక్క వీపున పీడనం ఎంతగా పడిపోతుందంటే, అక్కడి నీరు చల్లగా ఉన్నా మరిగి ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు కొంచెం ముందుకెళ్లి పగిలినచోట లోహాన్ని కొరుకుతాయి. రెక్క మీద చీమలు తిన్నట్టు సన్నని గుంటలు కనిపిస్తే అదే. ఆ గుంటలకి ముందువైపు ఏదో ఒక అంచు సొట్టపోయిందేమో వెతకండి. రెక్క ముందంచున చిన్న నొక్కు చాలు.

ఈ బుడగలు పెద్ద పెద్దవాళ్లని ఏడిపించాయి. చార్లెస్ పార్సన్స్ ఆవిరి టర్బైన్‌తో 1894లో టర్బినియా అనే ఓడ కట్టాడు. ఇంజిన్ అద్భుతం, ఓడ మాత్రం అనుకున్న వేగం అందుకోలేదు. ప్రొపెల్లర్లు మార్చి మార్చి చూశాడు. చివరికి ఒక చిన్న తొట్టిలో బుల్లి ప్రొపెల్లర్ తిప్పి, మెరుపు మెరుపుగా వెలుతురు పడేలా చేసి బుడగల్ని కళ్లారా చూశాడు. బలమంతా ఒక్క ప్రొపెల్లర్ మీద పెడితే నీరు తట్టుకోలేక మరిగిపోతోంది. ఒక్క ఇరుసు తీసేసి మూడు ఇరుసులు పెట్టి, ఒక్కోదానికి మూడు చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు బిగించాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి స్పిట్‌హెడ్‌లో నౌకాదళం బారులు తీరితే, టర్బినియా వాటి మధ్యనుంచి 34 నాట్ల వేగంతో దూసుకుపోయింది. ఆ రోజుల్లో దాన్ని పట్టుకోగల ఓడ లేదు.

అంతకు ముందు 1837లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ లండన్‌లో ప్యాడింగ్టన్ కాలువ మీద పొడుగాటి చెక్క మర ప్రొపెల్లర్‌తో పడవ నడుపుతుంటే, ఆ మర దేనికో కొట్టుకుని సగం విరిగిపోయింది. పడవ వేగం పెరిగింది! నీళ్లు మన సిద్ధాంతాలు వినవు. ఈ కథ నాకెంత ఇష్టమో, విరిగిన ప్రాప్‌తో వేగం పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారేమోనని అంత భయం.

మళ్లీ గాలి సంగతికొస్తే, కొన్ని ప్రాప్‌ల హబ్ మీద రెక్కల వెనక చిన్న రంధ్రాలుంటాయి, ప్లాస్టిక్ బిరడాలతో. బయల్దేరేటప్పుడు ఎగ్జాస్టు కొంచెం వాటిలోంచి రెక్కల దగ్గరికి వచ్చి నీటిని పలచన చేస్తుంది. ఇంజిన్ చకచకా ఆర్‌పీఎం అందుకుంటుంది. బోటు లేచాక వాటి ప్రభావం ఉండదు. బరువైన బోటు, ఎక్కువ పిచ్ ఉన్న ప్రాప్ అయితే బిరడాలు తీసో, చిన్న రంధ్రమున్నవి పెట్టో చూడండి. పైసా ఖర్చు లేని సవరణ.

8. ప్రాప్ ఎంపిక, ఇంజిన్ ఎత్తు ఒకే నిర్ణయం

బోటు వెనక గోడకీ (ట్రాన్సమ్) ఇంజిన్‌కీ మధ్య జ్యాక్‌ప్లేట్ ఉంటే ఇంజిన్ను పైకీ కిందికీ జరపొచ్చు. గేరుపెట్టె ఎంత తక్కువ మునిగితే నీటి ఒరిపిడి అంత తక్కువ. అందుకే వేగం కోసం ఇంజిన్ను ఎత్తుతారు. ఎత్తేకొద్దీ ప్రాప్ పైపొర నీటిలో పనిచెయ్యాలి. అన్నీ చెయ్యలేవు. కింద బాగా పనిచేసిన ప్రాప్ ఒక అంగుళం ఎత్తగానే పట్టు వదిలేస్తుంది. ఇంకోటి ఎత్తాకే ప్రాణం పోసుకుంటుంది. ఒకే ఎత్తులో రెండు ప్రాప్‌లు పోల్చి తీర్పు చెప్పినవాడు ఒకదానికి అన్యాయం చేసినట్టే.

ప్రాప్ ఇరుసు బోటు అడుగుకి 3, 4 అంగుళాల కింద ఉండేలా మొదలుపెట్టండి. పావు అంగుళం చొప్పున ఎత్తుతూ ఆర్‌పీఎం, జీపీఎస్, స్లిప్ రాసుకోండి. ఆర్‌పీఎం పెరుగుతూ వేగం పెరగడం ఆగినచోట ఆగిపోండి. ఇంజిన్‌కి చల్లదనం ఇచ్చే నీటి ప్రెషర్ గేజి లేకుండా ఈ పని మొదలెట్టకండి. మామూలు గేరుపెట్టెలకి నీళ్లు పీల్చే కంతలు పక్కన ఉంటాయి. అవి గాలి పీల్చడం మొదలెడితే ఇంజిన్ నిమిషాల్లో పోతుంది. ముక్కు కింద కంతలుండే గేరుపెట్టెలు అందుకే వచ్చాయి. 80లు దాటిన వేగాల్లో మామూలు గేరుపెట్టె ఆకారమే నీటిని చీల్చి గాలిని ప్రాప్ మీదికి పంపుతుంది. బోటు ఒక్కసారిగా పట్టు వదిలి పక్కకి లాగుతుంది. ఆ వేగానికి వెళ్లాలంటే ప్రాప్ ఒక్కటీ మారిస్తే చాలదు.

సగం ప్రొపెల్లర్ నీటి బయటే తిరగాలన్న ఆలోచనకు జనాన్ని ఒప్పించినది సియాటిల్‌లో లేక్ వాషింగ్టన్ మీద పరిగెత్తిన స్లో-మో-షన్ ఫోర్. టెడ్ జోన్స్ రూపకల్పన, ఆంకర్ జెన్సెన్ నిర్మాణం, స్టాన్లీ సేయర్స్ చేతిలో స్టీరింగ్. 1950 జూన్ 26న గంటకు 160 మైళ్లు దాటింది. 1939లో మాల్కమ్ క్యాంబెల్ పెట్టిన 141 మైళ్ల పైచిలుకు రికార్డు ఒక్క దెబ్బతో పోయింది. వెళ్లేటప్పుడు ఆ బోటు నీటిని తాకేది రెండు ముందు అంచుల దగ్గరా, వెనక ప్రొపెల్లర్ దగ్గరా మాత్రమే.

అలా నీటిని పైపైన కోసే రెక్కలను క్లీవర్ అంటారు. వెనకంచు కత్తితో కోసినట్టు తిన్నగా, రెక్క అడ్డుకోత ముందు పలచగా వెనక మందంగా ఉంటుంది. మన విజయవాడలో 2018 నవంబరులో కృష్ణా నది మీద ఫార్ములా వన్ పవర్‌బోట్ రేసు జరిగింది. ఆ బోట్లు గంటకు 200 కిలోమీటర్లు దాటేవి. మన జనం గట్ల మీద నిలబడి చూశారు, అమరావతి పేరుతో ఒక జట్టు కూడా నీళ్లలోకి దిగింది. ఆ వీడియోలు చూసి క్లీవర్ కొంటానన్నవాళ్లు నాకు తెలుసు. మామూలు బోటుకి క్లీవర్ వేస్తే బయల్దేరేటప్పుడు లేవదు, ముక్కు ఎత్తదు, మలుపులో నిలవదు. అది ఎత్తున, వేగంగా, తేలిగ్గా నడిచే బోట్ల సొత్తు.

9. ఎండ, ఎత్తు

మార్చిలో 6,100 తిరిగిన ఇంజిన్ ఆగస్టు ఎండలో అదే ప్రాప్‌తో తగ్గుతుంది. వేడిగాలి పలచన. కంగారుపడి ప్లగ్గులు మార్చకండి.

ఎత్తైన చోట ఇంకా ఎక్కువ. టర్బో, సూపర్‌చార్జర్ లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. లేక్ టాహో 6,200 అడుగుల పైన ఉంది. డల్లాస్‌లో సరిపోయిన ప్రాప్ అక్కడ బోటును లేపడానికే ఆపసోపాలు పడుతుంది. సెలవులకి బోటు లాక్కెళ్తే రెండు మూడు అంగుళాలు తక్కువ పిచ్ ఉన్నది వెంట తీసుకెళ్లండి.

10. ఒక్కసారి ఒక్కటే మార్చండి

ప్రాప్ మార్చి, ఇంజిన్ ఎత్తు మార్చి, ఇద్దరు స్నేహితుల్ని దింపేసి "నాలుగు మైళ్లు పెరిగింది" అనకండి. ఏది చేసిందో దేవుడికే తెలియాలి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. మనుషులు, పెట్రోలు, ఎండ, ఇంజిన్ ఎత్తు, ట్రిమ్, ఆర్‌పీఎం, జీపీఎస్ వేగం రాయండి. గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి నడిపి సగటు తియ్యండి. డ్యాష్‌బోర్డు మీది పాత రకం స్పీడోమీటరు నీటి ఒత్తిడి చూసి చెప్పేది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

టాప్ స్పీడుతో పాటు ఇంకో రెండు రాయండి. నిలబడిన చోటునుంచి 30 మైళ్ల వేగానికి ఎన్ని సెకండ్లు, 4,000 ఆర్‌పీఎం దగ్గర ఎంత వేగం, ఎంత పెట్రోలు. రోజంతా మనం గడిపేది అక్కడే. టాప్ స్పీడు ఫోన్‌లో ఫొటో తీసుకునేంతసేపే.

26 పిచ్‌తో 5,500 దగ్గర ఆగిన ఒక బోటుకి 24 వేయించాను. ఆర్‌పీఎం 5,900కి చేరింది. సూత్రంలో పెట్టి చూస్తే మొదటిదానికి 77, రెండోదానికి 77కి కొంచెం తక్కువ. "అంతేనా?" అన్నాడు యజమాని. కానీ ఇంజిన్‌కి ఊపిరాడింది, బోటు చప్పున లేస్తోంది, మిగిలిన బలంతో ఇంకాస్త ఎత్తగలిగాం. పేపరు మీద ఒక మైలు తగ్గాల్సిన బోటు, నీటి మీద ముందుకంటే జోరుగా వెళ్లింది.

కొనే ముందు అడిగి తెచ్చుకోండి. చాలా మంచి షాపులు ట్రయల్‌కి ప్రాప్ ఇస్తాయి, గీత పడకుండా తిరిగిస్తే చాలు. ఇవ్వనివాడి దగ్గర కొనకండి. రెండు ఇంజిన్ల బోటైతే జత కొనండి, ఒకటి కుడికి ఒకటి ఎడమకి తిరిగేది, ఒకే చోట సరిచూసినవి.

11. బిగించడం, విప్పడం, దాచడం

ప్రాప్ ఎక్కించే ముందు ఇరుసుకి మెరైన్ గ్రీజు రాయండి. రాయకపోతే రెండేళ్లకి అది ఇరుసుతో కాపరం పెట్టేస్తుంది, సుత్తి పట్టాల్సిందే. ముందుండే థ్రస్ట్ వాషర్ సరైన వైపు తిరిగి ఉందా చూడండి. నట్టుని టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగించండి. మొదటిసారి నడిపాక మళ్లీ ఒకసారి చూడండి. అప్పుడప్పుడూ విప్పి ఇరుసు చుట్టూ చేపల గాలం దారం చుట్టుకుందేమో చూడండి. అది సీలుని కోసేస్తే గేరు నూనెలోకి నీళ్లు చేరతాయి. ప్రాప్ దగ్గర చెయ్యి పెట్టే ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. న్యూట్రల్లో ఉందిలే అనుకోవద్దు.

నడిపేటప్పుడు కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోండి. 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో ఇది చట్టం కూడా. డ్రైవరు పడిపోయిన బోటు గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది, వెనక ఆ రెక్కలతో.

రెక్క వంగితే రాయితో కొట్టి సరిచెయ్యకండి. కంప్యూటర్‌తో రెక్క రెక్కా కొలిచి సరిచేసే షాపులున్నాయి. బాగుచేసిన కాగితం, అందులోని అంకెలు అడిగి తీసుకోండి. బోటులో ఎప్పుడూ ఒక స్పేర్ ప్రాప్, దాని నట్టు, రెంచి, చెక్క ముక్క ఒకటి ఉండాలి. చెక్క ముక్క ఎందుకంటే, నట్టు విప్పేటప్పుడు ప్రాప్ తిరక్కుండా రెక్కకీ గేరుపెట్టె మీది పలకకీ మధ్య పెట్టడానికి. స్పేర్‌కి అల్యూమినియం చాలు, ఇంటికి చేరుస్తుంది.

ఆఖరుగా, పాతది అమ్మేటప్పుడు కప్ చేయించిన సంగతి కొనేవాడికి చెప్పండి. హబ్ మీద 24 అనే ఉంటుంది, అతను 24 అనుకునే కొంటాడు, 25లా నడుస్తుంది. ఆ తరవాత తన ఇంజిన్‌కి ఏదో రోగం వచ్చిందని నాకు ఫోన్ చేస్తాడు.